రెండు లక్షల కాగితం మీద సంతకం పెట్టించకండి

ప్రశ్న: అక్కా, మాది సోంపేట దగ్గర పల్లెటూరు. పెళ్లయినప్పటి నుంచి చెన్నైలో, తిరువొత్తియూరులో ఉంటున్నాం. మా ఆయనకు 35 ఏళ్లు. పన్నెండేళ్లుగా షిప్పుల్లో పని, ఇప్పుడు ఏబీ, అంటే డెక్ మీద పనిచేసే ఏబుల్ సీమన్. ఈమధ్య లైబీరియా జెండా ఉన్న బల్క్ క్యారియర్ ఎక్కారు. బ్రెజిల్‌లో శాంటోస్ పోర్టులో షిప్పును రేవుకు తాళ్లతో కడుతున్నప్పుడు రోపు వించ్ (తాడు చుట్టే యంత్రం) మీద చిక్కుకుపోతే చేత్తో లాగారట. ఒక్కసారిగా నడుము పట్టేసింది. సింగపూర్ వచ్చేదాకా నెల పైన పెయిన్‌కిల్లర్లు మింగుతూనే డ్యూటీ చేశారు. అక్కడ ఎంఆర్ఐ తీసి డిస్క్ జారిందన్నారు, ఇంటికి పంపేశారు. వచ్చి నాలుగున్నర నెలలైంది. రెండు నెలలు జీతం వేసి ఆపేశారు. ఇక్కడే చెన్నై ప్యారీస్‌లో ఉన్న ఏజెంటు ఆఫీసుకు వెళ్తే, 'ఇది వయసుతో వచ్చే అరుగుదల, యాక్సిడెంట్ కాదు. మా డాక్టరు 30 శాతం అన్నాడు. పైగా షుగర్ ఉందని దాచి ఎక్కాడు. అయినా జాలితో రెండు లక్షలు ఇప్పిస్తాను, శుక్రవారం లోపు వచ్చి సంతకం పెట్టండి' అన్నాడు. కంప్లైంట్ ఇస్తే ఇక ఏ షిప్పూ ఎక్కనివ్వరట. ఆయనతో పనిచేసిన ఫిలిప్పీన్స్ అతను మాత్రం 120 రోజులు దాటితే మొత్తం డబ్బు ఇవ్వాల్సిందే అంటున్నాడు. ఏది నమ్మాలి? ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. రాత్రిళ్లు మేడ మీద నిలబడి హార్బరు లైట్ల వైపు చూస్తుంటారు. నేను మెషీను కుట్టి ఎన్నాళ్లు నెట్టుకొస్తాను? మీరే దారి చెప్పాలి.

సమాధానం: అమ్మా, ముందు ఒకే ఒక్క మాట. శుక్రవారం మీ ఆయన ఆ ఆఫీసుకు వెళ్లకూడదు, ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు. గడువు దాటితే ఆ రెండు లక్షలు కూడా పోతాయని భయపెట్టి ఉంటారు. పోనివ్వండి. మీకు రావలసిన దాని ముందు అది ఎంత చిన్న మొత్తమో కిందికి వచ్చేసరికి లెక్క వేసి చూపిస్తాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా నాన్న కూడా కళాసీయే. మేం రాయపురంలో ఉండేవాళ్లం. నేను ఆరో తరగతిలో ఉండగా కార్గో వించ్‌లో పడి ఆయన కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. కట్టు కూడా విప్పకముందే ఒకాయన ఇంటికి వచ్చాడు. బ్రౌన్ కవర్లో డబ్బు, దాంతోపాటు టైపు కొట్టిన కాగితం. అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చింది. నాన్న ఎడమచేత్తో, తెలుగులో, వంకరటింకరగా సంతకం పెట్టారు. 'ఇకపై నాకు ఏ క్లెయిమూ లేదు' అని ఆ ఇంగ్లిష్ కాగితంలో ఉందని మాకు తెలిసేసరికి ఆరు నెలలు దాటింది. ఆ కాగితం కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను ఓడల మీద పనిచేసేవాళ్ల క్లెయిముల పనిలోకి వచ్చింది ఆ సంతకం వల్లే. మీ ఉత్తరం చదువుతుంటే అదే కవరు, అదే కాగితం మళ్లీ కళ్ల ముందు కనిపించాయి.

ఇక విషయానికి వద్దాం. జాలితో ఇస్తున్నామనే మాటను ముందు మనసులోంచి తీసేయండి. సముద్రం మీద పనిచేసేవాళ్ల కోసం 2006లో ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అంటారు, అందరూ వాడే పేరు ఎంఎల్‌సీ. దాన్ని మొట్టమొదట ఆమోదించిన దేశం ఏదో తెలుసా? మీ ఆయన ఎక్కిన షిప్పు మీద ఎగిరే జెండా ఎవరిదో వాళ్లే, లైబీరియా. మన దేశం 2015లో ఆమోదించింది. డ్యూటీలో చేరిన రోజు నుంచి ఇంటికి చేరేదాకా దెబ్బ తగిలినా, జబ్బు చేసినా వైద్యం ఖర్చు ఓడ యజమానిదేనని అందులో ఉంది. షిప్పు మీద ఉన్నంతకాలం పూర్తి జీతం ఇవ్వాలి. దిగి ఇంటికి వచ్చాక కూడా జీతం పూర్తిగానో కొంత భాగమో ఇస్తూనే ఉండాలి. దేశాల చట్టాలు దీనికి గడువు పెట్టుకోవచ్చు గానీ, అది దెబ్బ తగిలిన రోజు నుంచి 16 వారాలకు తగ్గకూడదు.

జాగ్రత్తగా చూడండి, ఆ 16 వారాలు కనీసం మాత్రమే. మీ ఆయన కాంట్రాక్టుకు యూనియన్ ఒప్పందం, అంటే సీబీఏ, జతచేసి ఉంటే అందులో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, ఆమోదించిన ఒప్పందాల్లో ఇంటికి చేరిన తర్వాత 130 రోజుల దాకా సిక్ వేజెస్ (పని చేయలేని కాలానికి జీతం) ఇవ్వాలని మామూలుగా ఉంటుంది. మీకు వచ్చింది 60 రోజులకే. ఆ క్లాజు మీ కాంట్రాక్టులో ఉంటే ఇంకా 70 రోజుల జీతం బాకీ. ఇది నష్టపరిహారంతో సంబంధం లేని, విడిగా రావలసిన డబ్బు. 'సంతకం పెడితే ఆ జీతం కూడా కలిపి ఇస్తాం' అంటే ఒప్పుకోకండి.

కాంట్రాక్టు కాపీ మీ దగ్గర ఉందా? షిప్పు ఎక్కే ముందు ఇద్దరూ సంతకం చేసిన ఒరిజినల్ ఒకటి సీమన్ చేతిలో ఉండాలన్నది ఎంఎల్‌సీ నియమమే. ఆయన బ్యాగులో, సీడీసీ (సీమన్ సర్వీసు పుస్తకం) పెట్టే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వెతకండి. చాలామంది ఇళ్లలో అది అక్కడే, ఎవరూ విప్పకుండా పడి ఉంటుంది.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. 'యాక్సిడెంట్ కాదు, అరుగుదల' అనే మాట ఏజెంటు ఊరికే అనలేదు. అందులోనే మొత్తం డబ్బు ఉంది. ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చెబుతాను. బిహార్‌కు చెందిన ఒక సీమన్, ప్రభుత్వ రంగ షిప్పింగ్ సంస్థలో పని. గుండె కండరం జబ్బు వల్ల ఇక ఓడ ఎక్కడానికి పనికిరాడని తేల్చారు. నూటికి నూరు శాతం డిసేబిలిటీ పరిహారం ఇవ్వాలని ఆయన పోరాడాడు. అప్పటి ఒప్పందం ప్రకారం ఆ పరిహారం పనిలో జరిగిన ప్రమాదం వల్ల వచ్చిన వైకల్యానికే గాని, శరీరంలో పుట్టిన జబ్బుకు కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన చేతికి వచ్చింది 2,75,000 రూపాయల సెవరెన్స్, అంటే ఉద్యోగం ముగిసినందుకు ఇచ్చే డబ్బు మాత్రమే. జబ్బు అనేది నిజంగానే అంతటితో ఆగిపోవచ్చు. మీ ఆయన నడుమును 'జబ్బు' గడిలోకి తోయాలని ఏజెంటు ఇంత ప్రయత్నం చేస్తున్నది అందుకే.

అదే బిహార్ సీమన్ కేసులో 2014లో మరో తీర్పు వచ్చింది, అది మీకు పనికొస్తుంది. కంపెనీ ముంబయిలో ఉంది కాబట్టి అక్కడికే వచ్చి కేసు వేసుకోమన్నారు. క్లెయిము తిరస్కరిస్తూ రాసిన ఉత్తరం అందింది బిహార్‌లోని ఇంటికే కాబట్టి పట్నా హైకోర్టు వినవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే చెబుతున్నాను, కంపెనీ నుంచి వచ్చే ప్రతి జవాబూ కాగితం మీద, మీ తిరువొత్తియూరు అడ్రసుకు రావాలి. ఏజెంటు ఫోన్లో చెప్పినా, ఆఫీసుకు పిలిచి చెప్పినా, 'సార్, అదే మెయిల్ పెట్టండి' అనండి. నోటిమాట నీటిమూట.

మరి మీ ఆయనది ప్రమాదమేనని చూపించడం ఎలా? అన్నిటికంటే పెద్ద ఆధారం షిప్పు ఎక్కకముందు చేసిన మెడికల్. ఓడల వ్యవహారాలు చూసే ప్రభుత్వ విభాగం డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టరు పరీక్షించి ఫిట్ అని రాస్తేనే కదా ఎక్కించారు. నడుము అరిగిపోయిన మనిషి అయితే ఆ రోజు ఫిట్ ఎలా అయ్యాడని అడగండి. ఎంఆర్ఐలో 'డీజెనరేటివ్' అనే మాట ఉండే ఉంటుంది. 35 ఏళ్లు దాటిన, బరువులు మోసే చాలామంది వెన్నుకు స్కాన్ తీస్తే ఎంతోకొంత అరుగుదల కనిపిస్తుంది. అరుగుదల ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ రోజు ఆ రోపు లాగకపోతే ఆయన ఇవాళ డ్యూటీలో ఉండేవాడా కాదా అన్నదే ప్రశ్న. మీ సొంత డాక్టరును అడిగేటప్పుడు ఈ ప్రశ్నే అడగండి, జవాబు రాసి ఇమ్మనండి.

రెండోది షిప్పు కాగితాలు. ప్రమాదం జరిగితే యాక్సిడెంట్ రిపోర్టు రాయాలి, మందులు ఇస్తే మెడికల్ లాగ్‌లో రాయాలి. నెల పైన పెయిన్‌కిల్లర్లు ఇచ్చారంటే ఏ తేదీన మొదలుపెట్టారో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఆ మొదటి తేదీ శాంటోస్ తేదీకి సరిపోతే మీ కేసు సగం నిలబడినట్టే. ఆ రోజు షిప్పు కట్టే చోట ఆయనతో ఉన్న బోసన్ (డెక్ సిబ్బంది మేస్త్రీ), ఓఎస్ (ఏబీ కింద పనిచేసే సీమన్) ఇంకా షిప్పు మీదే ఉంటే వాళ్లకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించండి. 'ఆ రోజు ఏం జరిగింది భాయ్, గుర్తుందా' అంటే చాలు. వాళ్లు రాసే నాలుగు లైన్లు సాక్ష్యం. ఆ చాట్ చెరిగిపోకుండా ఇప్పుడే బ్యాకప్ తీయండి. ఒక కేసులో భర్త ఫోను పిల్లాడి చేతిలో పడి, నీళ్ల బకెట్లో మునిగి, ఆరు నెలల సాక్ష్యం ఒక్క సాయంత్రంలో పోవడం నా కళ్లతో చూశాను.

అదే బోసన్‌ను ఇంకో పని కూడా అడగండి. 2017 జనవరి 18 నుంచి ఎంఎల్‌సీలో ఒక మార్పు అమల్లోకి వచ్చింది. పనివల్ల చావు గానీ, ఎక్కువకాలం ఉండే వైకల్యం గానీ సంభవిస్తే డబ్బు ఇవ్వడానికి ప్రతి ఓడకూ ముందే ఇన్సూరెన్స్ లాంటి హామీ ఉండాలి. ఆ సర్టిఫికెట్‌ను సిబ్బందికి కనిపించేలా షిప్పులోనే అతికించాలి. సాధారణంగా మెస్ రూమ్ దగ్గరో, ఆఫీసు గోడ మీదో ఉంటుంది. దాన్ని ఫొటో తీసి పంపమనండి. అందులో ఇన్సూరెన్స్ ఇచ్చినవాళ్ల పేరు, వాళ్లను ఎలా సంప్రదించాలో ఉంటుంది. ఎక్కువగా అది పీ అండ్ ఐ క్లబ్, అంటే ఓడ యజమానుల ఉమ్మడి ఇన్సూరెన్స్ సంస్థ అయి ఉంటుంది. కాంట్రాక్టు ప్రకారం రావలసిన వైకల్య పరిహారాన్ని సీమన్ నేరుగా వాళ్లనే అడగవచ్చు. ప్యారీస్‌లో మూడో అంతస్తు మెట్లెక్కి ఏజెంటు ముఖం చూడాల్సిన అవసరమే లేదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరో ఏజెంటు చెప్పిందే వేదం అనుకుంటున్నారు.

షుగర్ సంగతి. మీ ఆయన నిజంగా మాత్ర వేసుకుంటూ మెడికల్ రోజున చెప్పలేదా? అయితే ఆ నిజం మీరు పెట్టుకునే వకీలుకు గానీ, యూనియన్ మనిషికి గానీ మొదటిరోజే చెప్పేయండి. దాచడం తప్పే, దాని గురించి మీ మనసు నొప్పించకుండా మాట్లాడలేను. కానీ దాని బరువు ఎంతో కూడా తెలుసుకోవాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు కావాలని దాచిన జబ్బుకు, లోపానికి యజమాని బాధ్యుడు కాదని ఎంఎల్‌సీలో ఉన్నమాట నిజం. అది ఆ దాచిన జబ్బు గురించే. షుగర్ వల్ల కాలికి పుండు పడితే వాళ్లు ఆ మాట అనవచ్చు. తాడు లాగితే డిస్క్ జారడానికీ షుగర్‌కూ సంబంధం ఏమిటి? ఆ సంబంధం ఉందని డాక్టరు చేత రాయించుకుని చూపించాల్సింది వాళ్లు. 'దాచాడు' అని గట్టిగా అరిచినంత మాత్రాన అది నడుము మీదికి పాకదు.

ఇప్పుడు ఆ 30 శాతం. దేనిలో 30? వెన్నెముకలోనా, మొత్తం శరీరంలోనా, సంపాదించే శక్తిలోనా? మూడూ మూడు రకాలు. మీ ఉత్తరంలో కంపెనీ డాక్టరు రిపోర్టు చేతికి ఇచ్చినట్టు లేదు, ఏజెంటు నోటితో అంకె చెప్పాడంతే. పూర్తి రిపోర్టు అడగండి.

నేను ముందు చెప్పిన ఐటీఎఫ్ తరహా ఒప్పందాల్లో ఒక క్లాజు ఉంటుంది. దాన్ని మీరు వెతికి పట్టుకోవాలి, ఎందుకంటే మీ కుటుంబం రాబోయే పదేళ్లు దాని మీద ఆధారపడవచ్చు. తప్పెవరిదన్న దానితో నిమిత్తం లేకుండా, ఉద్యోగంలో ఉండగా జరిగిన ప్రమాదం వల్ల శాశ్వత వైకల్యం వస్తే పరిహారం ఇవ్వాలి. వైకల్యం 50 శాతం, ఆపైన ఉంటే ఇక సముద్రం పనికి పనికిరానట్టే లెక్కించి నూరు శాతం పరిహారం ఇస్తారు. 50 కంటే తక్కువ ఉన్నా, ఇకపై ఏ హోదాలోనూ సముద్ర సేవకు శాశ్వతంగా అన్‌ఫిట్ అని డాక్టరు ధ్రువీకరిస్తే, అప్పుడూ నూరు శాతమే. అంటే 30 దగ్గర నిలిచిపోవాలా, నూరు దాకా వెళ్లాలా అన్నది అంకె మీద కాదు, 'పర్మనెంట్లీ అన్‌ఫిట్' అనే ఆ రెండు మాటల మీద ఆధారపడి ఉంటుంది.

ఏబీ పని ఏమిటో మీకు తెలుసు, డాక్టరుకు తెలియకపోవచ్చు. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఆయన రోజూ చేసే పనులు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. తడిసిన మూరింగ్ రోపు ఎంత బరువు ఉంటుంది, పైలట్ ల్యాడర్ ఎలా దించుతారు, హోల్డ్‌లోకి నిలువు నిచ్చెన మీద ఎన్ని మెట్లు దిగుతారు, ఊగే డెక్ మీద నాలుగు గంటలు వాచ్ ఎలా నిలబడతారు. 'ఈ పనులు ఈ నడుము మళ్లీ చేయగలదా డాక్టర్' అని అడగండి. కన్సల్టింగ్ రూములో కుర్చీలో కూర్చున్న మనిషిని చూస్తే 30 శాతమే కనిపిస్తుంది.

ఇద్దరు డాక్టర్ల మాట కలవకపోతే? ఆ ఒప్పందాల్లోనే దారి ఉంది. కంపెనీ, యూనియన్ కలిసి మూడో డాక్టరును ఎంచుకుంటారు, ఆయన చెప్పిందే ఆఖరు. కంపెనీ డాక్టరు మాటే చట్టం కాదన్నమాట. ఇక్కడ చిన్న హెచ్చరిక: ప్రభుత్వ ఆసుపత్రి బోర్డు ఇచ్చే వికలాంగుల సర్టిఫికెట్ వేరు, దాని లెక్కలు వేరు. బస్సు పాసుకు, పథకాలకు అది కావాలి, తప్పకుండా తీసుకోండి. అందులో తక్కువ శాతం వచ్చిందని ఓడ క్లెయిము కూడా అంతే అనుకోవద్దు.

ఫిలిప్పీన్స్ స్నేహితుడు అబద్ధం చెప్పలేదు, తన దేశం సంగతి చెప్పాడు. అక్కడి ప్రభుత్వం ఓడ ఉద్యోగులకు ఒక స్టాండర్డ్ కాంట్రాక్టు పెట్టింది. దిగిన మూడు పనిదినాల్లో కంపెనీ డాక్టరుకు చూపించుకోవడం, 120 రోజుల్లో డాక్టరు తేల్చడం, అవసరమైతే 240 దాకా పొడిగించడం, వైకల్యానికి 1 నుంచి 14 దాకా గ్రేడులు, ఇవన్నీ వాళ్లవి. ఒకే మెస్‌లో అన్నం తిన్నా ఇద్దరి కాగితాలు వేరు. మీ ఆయన కాంట్రాక్టులో ఆ మాటలు లేకపోతే 120 రోజులు దాటాయని మీరు వాదిస్తే నవ్వి పంపేస్తారు. మీ బలం మీ కాగితంలో ఉంది.

లెక్క వేస్తానన్నాను కదా. మన దేశంలో 1923 నాటి పరిహార చట్టంలో ఓడ సిబ్బంది కూడా ఉండేవారు. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ రక్షణ ఉంచారు. అందులోని లెక్క ఇది: నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే ఒక అంకెతో గుణిస్తారు. జీతం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునేది 2020 నుంచి 15,000 వరకే. అందులో 60 శాతం 9,000. 35 ఏళ్ల వయసుకు ఆ అంకె 197.06. గుణిస్తే 17,73,540 రూపాయలు. ఇది పూర్తి శాశ్వత వైకల్యానికి. సరే, ఏజెంటు చెప్పిన 30 శాతమే సంపాదన శక్తిలో పోయిందనుకుందాం, అప్పుడు కూడా 5,32,062 రూపాయలు. వాళ్ల అంకె, వాళ్ల వాదన ఒప్పుకున్నా రెండు లక్షలకు రెండున్నర రెట్ల పైన వస్తోంది.

ఈ చట్టం మీకు సూటిగా వర్తిస్తుందా అంటే, షిప్పు విదేశీ జెండాది కాబట్టి అక్కడ వాదన ఉంటుంది. విదేశంలో పనికి తీసుకున్నవాళ్ల విషయంలో ఓడ గానీ, తీసుకున్న కంపెనీ గానీ మన దేశంలో రిజిస్టరై ఉండాలని చట్టంలో ఉంది. కాంట్రాక్టులో యజమాని అని ఎవరి పేరు రాసి ఉందో వకీలు చూడాలి. అందుకే నేను మొదటి దారిగా సీబీఏ, ఇన్సూరెన్స్ చెప్పాను, ఇది రెండో దారి. వైకల్యాన్ని ఈ చట్టం ఎలా చూస్తుందో తెలిపే పాత తీర్పు ఒకటుంది. 1975లో ఒక వడ్రంగి ఎడమచేయి పోతే, పట్టికలో శాతం తక్కువే ఉన్నా, ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని సుప్రీంకోర్టు చెప్పింది. నడుము లేని ఏబీ సంగతి కూడా అంతే కదా.

కంప్లైంట్ ఇస్తే షిప్పు ఎక్కనివ్వరన్న బెదిరింపు గురించి. అర్హత ఉన్న సీమన్‌కు పని దొరకకుండా ఏజెన్సీలు జాబితాలు పెట్టుకోవడాన్ని ఎంఎల్‌సీ సూటిగా నిషేధించింది. ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర డబ్బు తీసుకోవడాన్ని కూడా. మన దగ్గర ఏజెంట్లకు డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్, అంటే ఓడల మీదికి మనుషులను చేర్చే లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు నంబరు మీ కాగితాల మీద ఉందో లేదో చూడండి. ఉంటే ఆ ఏజెంటు మీకంటే ఎక్కువ భయపడాల్సిన మనిషి. అయినా ఒక మాట అడుగుతాను, ఈ నడుముతో ఆయన్ను మళ్లీ డెక్ మీదికి పంపాలని మీకు ఉందా?

ఎక్కడికి వెళ్లాలి. మొదట యూనియన్. మీ ఆయన ఏబీ కాబట్టి రేటింగ్స్ (ఆఫీసర్లు కాని ఓడ సిబ్బంది) కోసం ఉన్న నేషనల్ యూనియన్ ఆఫ్ సీఫేరర్స్ ఆఫ్ ఇండియాలో సభ్యుడై ఉండవచ్చు. పే స్లిప్‌లో యూనియన్ కటింగ్ ఉందేమో చూడండి. సీబీఏ కాపీ వాళ్ల దగ్గర దొరుకుతుంది, మూడో డాక్టరు విషయం నడపాల్సింది కూడా వాళ్లే. రెండోది, రాజాజీ సాలైలో యాంకర్ గేట్ భవనంలో ఉన్న మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్. అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. తమిళం, ఇంగ్లిష్ రాదని జంకకండి, తెలుగులో రాసుకుని ఎవరిచేతనైనా ఇంగ్లిష్ చేయించండి. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే హైకోర్టు ఆవరణ. రాష్ట్ర న్యాయసేవల సంస్థ అందులోనే ఉంది. ఆడవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు, కార్మికులకు ఉచితంగా వకీలును ఇస్తారు.

గడువుల సంగతి మాత్రం అశ్రద్ధ చేయొద్దు. 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ప్రకారం సీమన్‌కు తగిలిన దెబ్బ తాలూకు హక్కు ఆ ఓడనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఓడ చెన్నైకో ఎన్నూరుకో వస్తే దాన్ని కదలనివ్వకుండా ఆపించే అధికారం మద్రాసు హైకోర్టుకు ఉంది. అయితే ఆ హక్కు ఏడాదితో ఆరిపోతుంది. జీతం బాకీకి రెండేళ్లు. మీకు ఇప్పటికే ఆరు నెలలు గడిచాయి. వకీలును కలిసేది ఈ నెలలోనే కావాలి. ఓడ ఇప్పుడు ఎక్కడుందో దాని పేరు, ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు సంఖ్య) కొడితే మెరైన్ ట్రాఫిక్ లాంటి వాటిలో కనిపిస్తుంది, ఆ పని మీవాళ్లలో ఫోను బాగా తెలిసిన కుర్రాడికి అప్పగించండి.

రేపు ఏదో ఒకరోజు సెటిల్‌మెంట్ జరిగితే అప్పుడైనా ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. దానికి ఎంఎల్‌సీలోనే నమూనా రసీదు ఉంది. కాంట్రాక్టు ప్రకారం రావలసిన డబ్బు అందిందని, అయినా నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి కోర్టుకు వెళ్లే హక్కు వదులుకోవడం లేదని అందులో ఉంటుంది. కాంట్రాక్టు మొత్తం కంటే తక్కువ తీసుకోమని ఒత్తిడి చేయకూడదనీ, వైకల్యం ఎంతో తేలడానికి సమయం పడితే ఈలోగా మధ్యంతరంగా కొంత ఇవ్వాలనీ కూడా ఉంది. ఇంటి అద్దె, మందులు గడవాలంటే ఆ మధ్యంతర డబ్బు అడగండి. రెండు లక్షలు ఆ పేరుతో ఇస్తామంటే తీసుకోవచ్చు, కాగితం మీద ఆ పేరే ఉండాలి.

శుక్రవారం కంటే ముందు ఏజెంటుకు, కంపెనీ మెయిల్‌కు ఒక చిన్న ఉత్తరం పంపండి. ఆయన పేరు, ఇండోస్ నంబరు (సీమన్ గుర్తింపు సంఖ్య), ఓడ పేరు, దెబ్బ తగిలిన తేదీ రాసి, యాక్సిడెంట్ రిపోర్టు, మెడికల్ లాగ్, కంపెనీ డాక్టరు పూర్తి రిపోర్టు, సీబీఏ కాపీ, ఆపేసిన జీతం లెక్క పంపమని అడగండి. వైద్యం ఇంకా నడుస్తోంది కాబట్టి ఇప్పుడే సెటిల్‌మెంట్‌కు సిద్ధంగా లేమని చివర్లో రాయండి. కోపం మాట ఒక్కటీ వద్దు.

ఇక మీ ఆయన. పన్నెండేళ్లు ఓడ మీద బతికిన మనిషి ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడినట్టుంటుంది. ఈ విషయంలో మాట్లాడేందుకే సీఫేరర్‌హెల్ప్ అని ఉచిత లైను ఉంది, రోజంతా పనిచేస్తుంది, నావికుల భార్యలు కూడా చేయవచ్చు. కానీ అంతకంటే ముందు మీరు చేయగలిగింది ఒకటి ఉంది. ఈ రాత్రి ఆయన మేడ మీదికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు, పెన్ను పట్టుకుని మీరూ వెళ్లండి. శాంటోస్‌లో ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమనండి. షిప్పు ముందు వైపా, వెనక వైపా, వాన పడుతోందా, రోపు ఏ వించ్ మీద చిక్కింది, లాగమని ఎవరన్నారు, పక్కన ఎవరు నిలబడ్డారు, నొప్పి ఎక్కడ మొదలైంది, మొదటి మాత్ర ఎవరు చేతికిచ్చారు. ఆయన చెబుతుంటే తెలుగులోనే, ఆయన మాటల్లోనే రాయండి. మధ్యలో ఆగిపోతే తొందరపెట్టకండి. రాయడం అయ్యాక చదివి వినిపించి, తేదీ వేసి, కింద ఆయన చేత సంతకం పెట్టించండి. ఈ వారం ఆయన పెట్టాల్సిన సంతకం అదొక్కటే.